తాతను సైకిలెక్కించుకున్న ఎల్లమాస

పెదనాయిన దినాలకు నారాయణఖేడ్ వెళ్లినప్పుడు మనుషులను చూశానే గాని ఊరిని చూడలేదు. ఏడ్చేవాళ్లను ఓదార్చడం, ఓదార్చడానికి వచ్చినవాళ్లకు చాయ్ అందించడం, అంతలోనే తిరుగు బస్సు. మూడు నెలల తర్వాత పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఎల్లమాసకు రావే సుశీలా. మీ పెదనాయిన లేని మొదటి పండుగ. ఇంట్ల పొద్దు పోతలేదు" అన్నది. ఎనభై అయిదు దాటిన మనిషి అట్లా అడిగితే ఏ సాకు చెప్తాం? పండుగ రేపనగా సంగారెడ్డిలో మొదటి బస్సెక్కి, ఎండ ఇంకా వెచ్చబడకముందే ఖేడ్‌లో దిగాను. మేమెవ్వరమూ ఊరిని పూర్తి పేరుతో పిలవం, ఖేడ్ అంటాం. పెద్దమ్మ కొడుకు సంగప్ప బండి తెస్తానంటే వద్దన్నాను. అరవై అయిదు నిండినా నా కాళ్లు నా మాట వింటూనే ఉన్నాయి. బస్టాండు నుంచి ఇంటికి పెద్ద రోడ్డు మీద పోతే పావుగంట. నేను మాత్రం గల్లీల్లోంచి వెళ్లాలనుకున్నాను. పదమూడేళ్ల వయసులో ఒక ఎల్లమాస నాడు తాతను నాయిన సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఆ గల్లీలన్నీ తిరిగాను. ఆ రోజు నేను చేసిన తప్పు ఇంతవరకూ ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. అమ్మా నాయినా ఎప్పుడో పోయారు, ఇప్పుడు పెదనాయిన పోయాడు. ఇక చెప్పుకోవడానికి మిగిలింది పెద్దమ్మ ఒక్కతే.

ఎల్లమాస తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. చలికాలం నడుమ వచ్చే ఒక అమావాస్యను మా దిక్కున, కర్ణాటక సరిహద్దు పొడుగునా, ఇళ్లలో కాదు, చేన్లలో చేస్తారు. తెల్లజొన్న కంకి పట్టి, శనగ కాయ మీద ఉండి, కుసుమ పూలు పసుపు తిరిగే కాలం అది. జొన్న దంట్లతో చేనులో చిన్న గుడిసె లాంటిది నిలబెట్టి, లోపల సున్నం పూసిన అయిదు రాళ్లు పెడతారు. అవి పాండవులు. పండుగకు మూడు రోజుల ముందు నుంచే మా ఇంట్లో ఆడవాళ్లకు నడుము వాల్చే తీరిక ఉండేది కాదు. అనపకాయలు, కందికాయలు, పచ్చి శనగలు, చిక్కుళ్లు, చేతికి దొరికిన ప్రతి ఆకూ కాయా గంపల్లోకి వచ్చి పడేవి. అవన్నీ చింతపులుసులో ఉడికి, శనగపిండి పోసుకుని చిక్కబడి, బజ్జి అయ్యేవి. కొత్త కుండలో జొన్న అంబలి పులుస్తుంటే ఆ వాసన, దంచిన వెల్లుల్లి వాసన, పొయ్యిలో కందికట్టె పొగ కలిసి దుప్పట్లకు కూడా అంటుకునేవి. అమ్మా పెద్దమ్మా ఎదురెదురుగా కూర్చుని నువ్వులద్దిన సజ్జ రొట్టెలు కొడుతుంటే ఆ చప్పుడు గల్లీ చివరిదాకా వినిపించేది. ముందటి అర్రలో చెక్క బెంచీ మీద తాత ఉర్దూ పేపరు చేతులు బారచాపి చదువుకునేవాడు. ఉర్దూలో చదువుకున్న తరం ఆయనది, తెలుగు మాట్లాడటమే గాని అక్షరం రాదు. చప్పుడు ఆగిందంటే పేపరు దించి, "ఆగిందేందమ్మా రొట్టె? చేతులు ఆగినయంటె నోర్లు మొదలైనట్టే" అనేవాడు. కోడళ్లిద్దరూ కొంగులో నవ్వుకునేవాళ్లు.

పండుగ నాడు మధ్యాహ్నం పూజయ్యాక ఇంటికి పెద్దవాడు కుండ ఎత్తుతాడు. అందులో బజ్జి, రొట్టె ముక్కలు, అంబలి కలిపి ఉంటాయి. దాన్ని పట్టుకుని చేను చుట్టూ తిరుగుతూ పైరు మీద చల్లాలి. పొలి చల్లడం అంటాం. వెనకాల ఇంకొకరు నీళ్లు చల్లుతూ నడుస్తారు. పొలి తిరిగి వచ్చేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. మా ఇంట్లో ఇంకో పట్టింపు కూడా ఉండేది. తండ్రి కళ్ల ముందు ఉండగా కొడుకు ఆ కుండ తాకడు. ఒకసారి ఎత్తాక అది నడుమ చేతులు మారదు. తాతకు మోకాళ్లు పట్టేసి, నాలుగడుగులకు ఒకసారి ఆగుతున్న రోజుల్లో కూడా కుండ ఆయనే ఎత్తేవాడు. చుట్టు పూర్తయ్యేసరికి అందరి పేగులూ అరిచేవి. అయినా పెదనాయిన చేతులు కట్టుకుని గట్టు మీద నిలబడేవాడే తప్ప, నేను పడతానని ఒక్కనాడూ అనలేదు.

నాకు మాత్రం ఆ ఏడు పండుగ మీద ధ్యాస లేదు, సైకిల్ మీద ఉంది. నాయిన దాన్ని ఆడపిల్లలను ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన పడుకున్నప్పుడు దొంగతనంగా కైంచీ తొక్కడం నేర్చుకున్నాను. అంటే సీటు అందదు గనక కడ్డీ కింది నుంచి కాలు దూర్చి, ఒంటిని పక్కకు వంచి తొక్కడం. ఊరంతా చేన్లకు పోయే రోజు ఒకటే, ఆ ఒక్క రోజు ఖేడ్ గల్లీలన్నీ నావే అని ముందే లెక్క వేసుకున్నాను. పొద్దున రెండు ఎడ్లబండ్లు కట్టారు. నాయిన బండిలో వాళ్లకు పెదనాయిన బండెక్కుతానని చెప్పాను, పెదనాయిన బండిలో వాళ్లకు నాయిన బండెక్కుతానని చెప్పాను. పశువుల కొట్టం వెనక నక్కి, రెండు బండ్ల గజ్జెల చప్పుడూ వినిపించనంత దూరం పోయాక బయటికి వచ్చాను. లోపల మేకుకు ఉన్న సైకిల్ తాళంచెవి తీసుకుని ముందటి అర్రలోకి అడుగు పెడితే, చెక్క బెంచీ మీద తాత కూర్చుని ఉన్నాడు. తెల్లటి పాగా, ఉతికిన ధోవతి, చేతిలో కట్టె.

"నువ్వు పోలేదా తాతా?" అన్నాను.

"పెద్దోడేమో చిన్నోని బండ్ల ఎక్కిననుకున్నడు, చిన్నోడేమో పెద్దోని బండ్ల ఎక్కిననుకున్నడు. మర్శిపోయిండ్రు బిడ్డా. మరి నువ్వెందుకు పోలే?"

"నన్ను గూడ గట్లనే మర్శిపోయిండ్రు."

తాత నా చేతిలోని తాళంచెవిని చూశాడు. మీసం కింద ఏదో కదిలింది.

"మరి పొలి ఎట్ల తాతా? కుండ నువ్వెత్తాలె గద?"

"ఎత్తాలె."

"నడువు, సైకిల్ మీద తీస్కపోత."

ఆయన చాలాసేపు సైకిల్ వంక చూశాడు. నేను పడేస్తానని భయపడుతున్నాడనుకుని, పడెయ్యనని ఒట్టు పెట్టాను. చివరికి లేచి, "పెద్ద తోవల వద్దు. ఎవలన్న జూస్తె నవ్వుతరు. గల్లీలల్లకెల్లి పో" అన్నాడు. అరుగు పక్కన సైకిల్ నిలబెడితే కట్టె సాయంతో సీటెక్కాడు. ఎండుకట్టె లాంటి మనిషి, బరువేమీ లేదు. నేను హ్యాండిల్ పట్టుకుని తోస్తూ నడిచాను.

అట్లాంటి ఖేడ్‌ను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. అన్ని తలుపులకూ తాళాలు. కుక్కలు కూడా బండ్ల వెంట పోయాయి. సైకిల్ చక్రం కిర్రుమంటే ఆ చప్పుడు రెండు వైపులా రాతి గోడలకు తగిలి తిరిగి వచ్చేది. రోజూ బడికి నడిచే గల్లీలే అవి. కాని ఆయన చెప్తే తప్ప నాకు వాటిలో ఏమీ కనిపించేది కాదని ఆ రోజే తెలిసింది. పాత సర్కారు కచేరీ గోడలో ఒక ఇనుప డబ్బా ఉండేది. మేం పిల్లలం దాంట్లో రాళ్లు వేసేవాళ్లం. తాత సైకిల్ ఆపమని, ముందుకు వంగి, దాని మీది అక్షరాలను కుడి నుంచి ఎడమకు వేలితో తడుముతూ చదివాడు. ఉత్తరాలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీస్తారని రాసి ఉందట. "ఇంక తీస్తరా తాతా?" అంటే, "తీసెటోడు పోయిండు, తలుపు పోయింది. ఊరపిట్టలు మాత్రం పోలే" అన్నాడు. లోపల గడ్డితో గూడుంది. ఆ తర్వాత నేనెప్పుడూ దాంట్లో రాయి వెయ్యలేదు.

రెండు గల్లీల అవతల ఒక మిద్దె ఇంటి ముందు మళ్లీ ఆపించాడు. ఆ ఇంటి కిటికీ సగం నీలం, సగం ఆకుపచ్చ. సరిగ్గా నడుమ నుంచి అడ్డుగోడ లేచింది. అన్నదమ్ములు పంచుకుంటే గోడ కిటికీ మీదికే వచ్చిందట. ఉన్న అయిదు ఊచల్లో అన్నకు మూడు, తమ్మునికి రెండు. నేను పగలబడి నవ్వాను. తాత నవ్వలేదు.

"దేని కోసం కొట్లాడిండ్రు?"

"ఏమంత లేదు బిడ్డా. తండ్రి సచ్చిన ఏడు ఎల్లమాసకు కుండ ఎవలెత్తాలె అని మొదలైంది. తండ్రి ఎవ్వలకు చెప్పకుంటనే పోయిండు."

అక్కడ ఆయన ఎంతసేపు ఉన్నాడో! సైకిల్ పట్టుకుని నా చేతులు గుంజుతున్నా, ఇక పోదామనలేదు. నేనే అడిగితే, "ఊఁ, గానిగ దిక్కు పోనియ్" అన్నాడు. గానుగ కొట్టంలో పండుగ గనక ఎద్దు లేదు. కుసుమ నూనె కమ్మటి వాసన మట్టి గోడలకు పట్టి ఉంది. ఎద్దు తిరిగి తిరిగి నేలలో గుండ్రంగా పల్లం పడింది. తాతను గానుగ మొద్దు చుట్టూ తిరిగే పలక మీద కూర్చోబెట్టి, ఎద్దు కాడి దగ్గర నేను నిలబడి, బలమంతా పెట్టి తోశాను. ఒక చుట్టు తిరిగింది. చిన్నప్పుడు ఆ పలక మీదే నిద్రపోయేవాడినని, లేచేసరికి పొద్దు ఇంకో గోడ మీద ఉండేదని చెప్పాడు. ఇంకో చుట్టు తిప్పమన్నాడు. ఇంకొకటి. నేను ఆయాసపడుతూ నవ్వుతుంటే ఆయన కూడా నవ్వాడు. ముందరి పళ్లు రెండూ లేని ఆ నవ్వు నాకిప్పటికీ కావాలనిపిస్తుంది.

ఆఖరిది బురుజు. సగం కూలిన పాత మట్టి బురుజు, రంధ్రాల నిండా చిలకలు. ఎక్కొద్దని ఇంట్లో వందసార్లు చెప్పినది. తాత కింద రాయి మీద కూర్చుని, "ఎక్కు. పైకెల్లి ఏం కానొస్తదో నాకు చెప్పు. నేనెక్కి నలభై ఏండ్లయింది" అన్నాడు. ఎక్కాను. ఊరంతా అరచేతిలో పెట్టినట్టు కనిపించింది. మిద్దెలు, మిద్దెల మీద ఎండుతున్న మిరపకాయలు, వాటి అవతల కంగ్టి తోవ, తోవకు రెండు పక్కలా తెల్లజొన్న చేన్లు, చేన్లలో ఎర్రవీ పచ్చవీ చీరెలు చుక్కల్లాగా. కనిపించినవన్నీ అరిచి చెప్పాను. ఆయన ఇంకా ఇంకా అడిగాడు. ఫలానా చింతచెట్టు ఉందా, ఫలానా బాయి మీద మోట ఉందా, అక్కడి నుంచి మన చేను కనిపిస్తుందా. తర్వాత ఆయన అడగడం మానేశాడు, నేను మాత్రం దిగలేదు. చిలకలతో ఆడాను. ఆ ఎత్తులో ఊరికే నిలబడ్డాను. నా బతుకులో నేను అంత స్వతంత్రంగా నిలబడింది ఆ ఒక్కసారే అనుకుంటాను. దిగి వచ్చేసరికి మధ్యాహ్నమైపోయింది.

పొలి వేళ అయిపోయిందని అప్పుడు తట్టింది. ఏడుపు తన్నుకొచ్చింది. "తాతా, నీ కుండ! నా వల్లనే!" అన్నాను. ఆయన నా మొహం చూసి, కట్టె తీసుకుని సైకిలెక్కాడు. ఊరి బయటినుంచి చేనుదాకా రెండు మైళ్లు ఉంటుంది. గుంతల బాట. ఆ రెండు మైళ్లూ తోస్తూ ఉరికాను. చెప్పు ఒకటి ఎక్కడ పోయిందో తెలియదు. దారి పొడుగునా చేన్లలోంచి జనం, "రాండ్రి, తినిపోండ్రి" అని పిలుస్తున్నారు. ఎల్లమాస నాడు పిలిస్తే కాదనకూడదు. అయినా ఎక్కడా ఆగలేదు. మా చేను గట్టు ఎక్కేసరికి పెదనాయిన నెత్తిన తువ్వాల చుట్టుకుని, కుండ ఎడమ చేత పట్టుకుని, మూడో మూల తిరుగుతున్నాడు. వెనక నాయిన నీళ్ల చెంబుతో ఉన్నాడు. సైకిల్ మీద తాతను చూసి ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

"నాయినా, నువ్వు తమ్ముని బండ్ల లేవా?" అన్నాడు పెదనాయిన. "పొద్దు దాటుతుందని, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరని... నువ్వొచ్చి చింతచెట్టు కింద పన్నవనుకున్న, లేపబుద్ధి కాలే." రెండు చేతులతో కుండను తాత వైపు చాపాడు.

తాత తీసుకోలేదు. "నడుమ ఇడువద్దు. కానియ్" అన్నాడు. గట్టు మీద కట్టె ఆనించి నిలబడ్డాడు, ఇన్నేళ్లూ పెదనాయిన నిలబడిన చోటే. పొలి పూర్తయ్యేదాకా కూర్చోలేదు. తర్వాత నాయిన నా మీద చెయ్యెత్తితే, "బురుజు జూస్తనని నేనే ఆపిన. దాన్నేమనకు" అని అడ్డం వచ్చాడు. మరుసటి ఏడు ఎల్లమాసకు తాత లేడు. ఆయన ఎత్తాల్సిన ఆఖరి కుండ నేను చిలకలతో ఆడుకోవడం వల్ల పోయిందనేది నాకు తప్ప ఎవరికీ తెలియదు. బడిలో ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను, తప్పు చేస్తే ఒప్పుకోవాలని రోజూ చెప్పాను. అది మాత్రం నా నోటి నుంచి రాలేదు.

ఈసారి ఆ గల్లీల్లో నడిస్తే దొరికింది తక్కువ. కచేరీ గోడ పోయింది, దాంతో డబ్బా పోయింది. అన్నదమ్ముల కిటికీ ఉన్నచోట మూడంతస్తుల దుకాణాలు, అద్దాల వెనక సెల్‌ఫోన్లు. గానుగ కొట్టం ఎక్కడో కూడా గుర్తుపట్టలేకపోయాను. నూనె వాసన కోసం ముక్కు ఎగబీలుస్తూ నిలబడితే ఒకాయన, "ఎవలింటికమ్మా?" అని అనుమానంగా అడిగాడు. నా సొంతూళ్లో నన్నట్లా అడిగితే కోపమొచ్చింది. బురుజు ఉంది, సగంలో సగం. చిలకలు లేవు. ఇప్పుడు పండుగ నాడు కూడా ఊరు ఖాళీ కాదట. కార్లలో చేనుకు పోయి, తిని, మూడింటికల్లా వచ్చి షట్టర్లు ఎత్తుతారని సంగప్ప ఫోన్‌లోనే చెప్పాడు. బాగుపడ్డారు, ఎవరికీ పట్టేసిన మోకాళ్లతో కాళ్లీడ్చుకుంటూ నడిచే అవసరం లేదు. కాదనను. కానీ ఆ కిర్రుమనే చక్రం చప్పుడు గోడలకు తగిలి తిరిగి రావాలంటే ఊరు ఒక పూటైనా ఊరకుండాలి గదా. ఆ పూట కోసం నా ప్రాణం ఎంత కొట్టుకుంటుందో ఎవరికి చెప్పను?

పెద్దమ్మ వాకిట్లో ఎండకు కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని చేట దగ్గరికి లాక్కున్నాను. రేపు కుండ సంగప్ప ఎత్తాలని చెప్తూ కళ్లు తుడుచుకుంది. ఆ మాట మీద నేనిక ఆగలేకపోయాను. బండ్ల దగ్గర ఆడిన అబద్ధం, గల్లీలు, బురుజు, చిలకలు, అన్నీ చెప్పేశాను. తాత ఆఖరి పొలి నేనే పోగొట్టానని చెప్పాను. పెద్దమ్మ కాయ ఒలవడం ఆపి నా మొహం చూసింది.

"నువ్వేం పోగొట్టినవే? మామనే, మీ తాతనే, పోవద్దనుకున్నడు" అన్నది.

నాకు అర్థం కాలేదు.

"పొద్దుగాలనే నన్ను పిలిశిండు. 'నేను చిన్నోని బండ్ల ఎక్కిన అని నీ మొగనికి చెప్పమ్మా, చిన్నోనికి నేను చెప్పుకుంట' అన్నడు. 'నేను కండ్ల ముందట ఉంటె పెద్దోడు కుండ ముట్టడు. నేను పోయినంక లొల్లి కావద్దు. నేనుండంగనే వాడు ఎత్తాలె, తమ్ముడు ఎంబడి నడువాలె, నలుగురు జూడాలె' అన్నడు. ఇంట్లనే కూసుందామనుకున్నడు. నువ్వు తయారైతివి తాళంచెవి పట్టుకోని."

"మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే పెద్దమ్మా?"

"నువ్వడిగినవా? మామ ఎవ్వలకు చెప్పొద్దన్నడు. మీ పెదనాయినకు తెలిస్తె, నాయిన కావాల్నని ఆగిండని ఏడ్వడా? ఆయన ఉన్నన్ని రోజులు ఎట్ల చెప్త?"

తేలికపడాల్సిన మనసు ఇంకా బరువెక్కింది. కొడుకు కళ్ల ముందు ఉండకూడదని ఇంట్లో ఆగిన మనిషిని, నా ఏడుపు చూడలేక సైకిలెక్కిన మనిషిని, ఊపిరాడకుండా తోసుకుపోయి తన కుండను కొడుకు చేతిలో చూసేట్టు గట్టు మీద నిలబెట్టాను. ఆ మాటే అన్నాను పెద్దమ్మతో.

"పిచ్చిదానివి" అన్నది పెద్దమ్మ. "ఇంటికొచ్చినంక నేను నీళ్లిస్తుంటె ఏమన్నడో ఎర్కనా? 'గా పిల్ల తోస్కపోకుంటె నా కొడుకు కుండెత్తుడు నేను సూడకపోదునమ్మా. మంచిగెత్తిండు' అన్నడు."

ఇంకోసారి చెప్పమన్నాను. పెద్దమ్మ విసుక్కుంటూనే మళ్లీ చెప్పింది.